దుర్బీన్ ఆపరేషన్ అయింది, కోత చిన్నదే. మరి చేతికి పని ఎప్పుడు పెట్టాలి? | కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత కోలుకోవడం

ఈరోజు ఎపిసోడ్‌లో కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత సంగతి మాట్లాడుకుందాం. ఆపరేషన్ థియేటర్‌లో జరిగేది పది, పదిహేను నిమిషాల పని. ఆ తర్వాత ఇంటికొచ్చాక నడిచే రెండు మూడు నెలల కథే అసలు కథ. దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఆపరేషన్ నేను చెయ్యను, ఆపరేషన్ అయిన చెయ్యి నా దగ్గరికి వస్తుంది. అందుకని నాకు ఎక్కువగా వినపడే ప్రశ్న ఒక్కటే: "కామ్ పే కబ్ జాఊఁ?" పనికి ఎప్పుడు పోవాలి? పాతబస్తీలో ఈ ప్రశ్న ఊరికే అడగరు. చెయ్యి ఆడకపోతే ఆ రోజు కూలి లేదు, అంతే.

కార్పల్ టన్నెల్ అనగానే హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల జబ్బు అనుకుంటారు. నిజానికి కీబోర్డు వల్ల వస్తుందనడానికి ఉన్న ఆధారాలు అంత గట్టివి కావు. గట్టిగా పట్టి, మళ్లీ మళ్లీ మణికట్టు వంచి చేసే పనులకు, అదిరే పనిముట్లతో చేసే పనులకు ఉన్న ఆధారాలే గట్టివి. ఆ లెక్కన చూస్తే చార్మినార్ చుట్టూ ఉన్న గల్లీల్లో ఏం పనులున్నాయో ఆలోచించండి. లాడ్ బజార్‌కి గాజులు వచ్చేది ఎక్కడినుంచి? ఆ వెనక ఇళ్లల్లో నిప్పుల మీద లక్కను మెత్తబెట్టి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి మీదే ఒక్కో రాయిని వేలికొసతో నొక్కి కూర్చోబెడతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం. ఆ గాజు వెనక ఉన్న బొటనవేలు, చూపుడువేలు మాత్రం రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటాయి. ఇంకా కార్చోబ్ మీద జర్దోజీ, మగ్గం వర్క్ చేసేవాళ్లు, టైలర్లు, మిఠాయిల మీద వేసే వెండి వరఖ్‌ని తోలు పుస్తకంలో పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టేవాళ్లు, బేకరీలో పిండి పిసికేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు. వీళ్లందరినీ మించి, ఏ జీతమూ లేకుండా బట్టలు పిండే, రొట్టెలు చేసే ఆడవాళ్లు. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు కూడా వస్తుంది.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. మణికట్టు దగ్గర ఒక సన్నటి గల్లీ ఉంది అనుకోండి. కింద, పక్కలా ఎముకల గోడలు. పైన అడ్డంగా ఒక గట్టి పట్టీ, అదే లిగమెంట్. ఆ గల్లీలోంచి వేళ్లను ముడిచే తాళ్లు తొమ్మిది పోతాయి, వాటితో పాటు ఒక్క నరం, మీడియన్ నర్వ్, పోతుంది. రంజాన్ చివరి రాత్రుల్లో లాడ్ బజార్ లోపలికి పోయారా ఎప్పుడైనా? అలాంటి రద్దీ. తాళ్ల చుట్టూ ఉండే పొర కాస్త ఉబ్బినా చాలు, అందరిలో మెత్తగా ఉన్న ఆ నరమే నలిగేది. అందుకే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది, ఎందుకంటే దాని నరం ఈ గల్లీలోంచి పోదు. చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పండి, అది వేరే లెక్క కావచ్చు.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. తెలుగులో మనం అన్నింటినీ నరమే అంటాం. రక్తం పోయేదీ నరమే, కండను ఎముకకు కట్టే తాడూ నరమే, స్పర్శ మోసేదీ నరమే. ఉర్దూలో మాట్లాడేవాళ్లు కూడా అన్నింటినీ 'నస్' అంటారు. దాంతో "నరం కోసి ఆపరేషన్ చేస్తారంట" అనే మాట బస్తీ అంతా తిరుగుతుంది. జనం భయపడి ఏళ్ల తరబడి ఓర్చుకుంటారు. నరాన్ని కొయ్యరండి. కోసేది పైన ఉన్న పట్టీని. పైకప్పు తీస్తే గల్లీ వెడల్పవుతుంది, నరానికి ఊపిరాడుతుంది. అంతే ఆపరేషన్.

ఆ పట్టీని కోయడం కొత్తదేమీ కాదు, 1930ల నుంచే ఉంది. పాత పద్ధతిలో అరచేతి నుంచి మణికట్టు దాకా పొడుగ్గా కోసేవాళ్లు. 1980ల చివర్లో జపాన్‌లో ఇచిరో ఒకుట్సు, అమెరికాలో జేమ్స్ చౌ సన్న గొట్టంలో కెమెరా పెట్టి లోపలినుంచి పట్టీని కోసే పద్ధతులు తెచ్చారు. దీన్నే ఎండోస్కోపిక్ అంటారు, మన దగ్గర "దుర్బీన్ ఆపరేషన్". మణికట్టు ముడత దగ్గర సెంటీమీటరు కోత, లేదా అక్కడొకటి అరచేతిలో ఒకటి. ఇంకోటి మినీ ఓపెన్, అరచేతిలో రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా కోసి కంటితో చూస్తూ చేసేది. రెండూ చిన్న కోతలే. చాలావరకు చెయ్యి వరకే మత్తు ఇచ్చి చేస్తారు, మీరు మాట్లాడుతూనే ఉంటారు. ఒక చిన్న ముచ్చట: 1888, 1889లో క్లోరోఫాం మత్తు సురక్షితమేనా అని ప్రపంచమంతా మాట్లాడుకున్న ప్రయోగాలు ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు చేయించింది మన హైదరాబాద్‌లోనే, వాటిని హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు అంటారు. అలాంటి ఊళ్లో ఈరోజు మనిషికి మత్తు ఇవ్వకుండా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి పని కానిచ్చేస్తున్నాం.

సరే, అసలు సంగతి. బయట కోత చిన్నది. లోపల తెగిన పట్టీ మాత్రం పాత పద్ధతిలో ఎంత తెగుతుందో ఇందులోనూ అంతే తెగుతుంది. పూర్తిగా తెగకపోతే ఆపరేషన్ చేసి లాభం లేదు కదా. కాబట్టి చర్మం పదిహేను రోజుల్లో మానుతుంది కానీ, లోపల ఆ పట్టీ రెండు కొసల మధ్య కొత్త కణజాలం నిండి గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చర్మాన్ని చూసి లోపలి సంగతి లెక్కగట్టకండి. "ఒక్కటే కుట్టు పడింది సార్, చిన్నదే" అంటూ నాలుగో రోజే సుత్తి పట్టుకునేవాళ్లు ఉంటారు. దీనికి సరిగ్గా తిరగబడ్డవాళ్లు కూడా ఉంటారు, భయంతో నెలరోజులు చేతిని మెడకు కట్టుకుని వేలు కూడా కదపనివాళ్లు. నన్నడిగితే రెండోవాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ బెంగ. మొదటివాళ్లకు నొప్పే బుద్ధి చెప్తుంది. రెండోవాళ్ల వేళ్లు మాత్రం చప్పుడు చెయ్యకుండా బిగుసుకుపోతాయి.

దుర్బీన్ వల్ల లాభం లేదా మరి? ఉంది. చాలా పరిశోధనలు కలిపి చూసినప్పుడు, ఓపెన్ చేయించుకున్నవాళ్ల కంటే ఎండోస్కోపిక్ వాళ్లు సగటున ఒక వారం, ఎనిమిది రోజుల ముందు పనికి పోగలిగారు. కోత దగ్గర ఇబ్బందులు కూడా తక్కువ. ఇంకోవైపు, కొన్నాళ్లుండి పోయే నరం ఇబ్బంది, అంటే కొత్తగా కాస్త తిమ్మిరి రావడం, ఇందులో కొంచెం ఎక్కువ. కొన్ని నెలలు గడిచాక చూస్తే రెండూ ఒక్కటే. అందుకే ఖర్చు విషయంలో ఇబ్బంది ఉంటే, దుర్బీన్ కాదే అని బాధపడాల్సిన పని లేదు. చేసే డాక్టర్‌కి ఏది బాగా అలవాటో అది చేయించుకోవడమే తెలివైన పని. రోజుకూలీకి ఒక వారం అంటే పెద్ద మాటే, కాదనను. ఖర్చులో తేడానూ ఆ వారం సంపాదననూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.

ఇప్పుడు కోలుకునే వరస చెప్తా. ఇది తెలిస్తే సగం ఆందోళన పోతుంది. మొదట పోయేది రాత్రి నొప్పి. తెల్లవారుజామున లేచి చెయ్యి విదిలించుకునే బాధ చాలామందికి ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లోనే పోతుంది. "పదేళ్లకి నిద్రపోయిన" అని చెప్పినవాళ్లు ఉన్నారు. తర్వాత పోయేది తిమ్మిరి, మెల్లగా. అన్నిటికంటే చివర వచ్చేది బలం. చాలామంది దీన్ని తలకిందులుగా ఎదురుచూస్తారు. వారానికే గట్టిగా పిడికిలి బిగించి చూసుకుని, బలం లేదు, ఆపరేషన్ ఫెయిల్ అయింది అంటారు. ఫెయిల్ కాలేదు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో పట్టు ముందున్న దానికంటే కూడా తగ్గుతుంది. సుమారు మూడు నెలలకు పాత స్థాయికి వస్తుంది, ఆ తర్వాత ఇంకా పెరగొచ్చు.

తిమ్మిరి ఎందుకు ఆలస్యం? నరం కేవలం నలిగి ఉంటే, ఒత్తిడి పోగానే రోజుల్లో, వారాల్లో తేరుకుంటుంది. కానీ ఏళ్లుగా నలిగి లోపలి పోగులు చచ్చిపోయి ఉంటే, అవి మణికట్టు దగ్గరనుంచి మళ్లీ పెరుక్కుంటూ రావాలి. అవి పెరిగే వేగం రోజుకి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మీ మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా కొలిస్తే పదిహేను, పద్దెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. లెక్క మీరే వెయ్యండి, ఐదారు నెలలు. ఇక బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ చిక్కిపోయి గుంట పడిందంటే, అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే సీజన్ అయ్యాక చేయించుకుందాం, పెళ్లిళ్లు అయ్యాక చేయించుకుందాం అని వాయిదా వేసేవాళ్లను నేను ఒక్కటే అడుగుతా, మీ రెండు బొటనవేళ్ల మొదళ్లను పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా కనపడితే ఇక వాయిదా వెయ్యకండి. జబ్బు తేలికగా ఉన్నప్పుడు రాత్రిపూట పట్టీ, ఒక ఇంజెక్షన్ సరిపోవచ్చు. కండ తగ్గడం మొదలైతే ఆ దశ దాటిపోయినట్టే.

మొదటి రెండు మూడు రోజుల సంగతి. చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. పడుకున్నప్పుడు దిండు మీద, కూర్చున్నప్పుడు ఎదురుగా ఇంకో కుర్చీ వీపు మీద పెట్టుకోండి. వాపు దిగితే నొప్పి దిగుతుంది. వేళ్లను మొదటి రోజునుంచే కదపాలి, ఇది మళ్లీ చెప్తున్నా, మొదటి రోజునుంచే. అన్ని వేళ్లు పూర్తిగా చాపండి, తర్వాత వేళ్ల పై కణుపులు మాత్రం కొక్కెంలా వంచండి, తర్వాత మెల్లగా పిడికిలి. బిగించొద్దు, మూస్తే చాలు. తర్వాత బొటనవేలితో ఒక్కో వేలికొసను తాకండి. గంటకోసారి పదిసార్లు. తస్బీహ్ తిప్పేవాళ్లయితే ఆ చేత్తోనే తిప్పండి, జపమాల అయినా అంతే, అంతకన్నా మంచి ఎక్సర్‌సైజ్ లేదు. మోచెయ్యి, భుజం కూడా కదపండి, లేకపోతే షుగరున్న వాళ్లకు భుజం పట్టేసి అది కొత్త తలనొప్పి అవుతుంది. చెయ్యకూడనిది ఒక్కటి. మొదటి రెండు మూడు వారాలు మణికట్టు ముందుకు బాగా వంచి, అలా వంచినప్పుడే గట్టిగా పట్టుకోకండి. పైకప్పు తీసేశాం కదా, ఆ తాళ్లు విల్లుతాడులా పైకి ఉబికి మానుతున్న చోటును తోస్తాయి.

మణికట్టుకు బెల్టు పెట్టాలా అని అడుగుతారు. ఆపరేషన్‌కి ముందు రాత్రిపూట బెల్టు మంచిదే. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి పెట్టుకుంటే మేలు జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు, బిగుసుకుపోవడమే మిగులుతుంది. మీ సర్జన్ కొన్ని రోజులు పెట్టమంటే పెట్టండి. మెడికల్ షాపులో కొనుక్కుని మీ అంతట మీరు పెట్టుకోకండి.

గాయం తడవకూడదు. ఇక్కడ పాతబస్తీలో ప్రతిసారీ వచ్చే ప్రశ్న వజూ. రోజుకి ఐదుసార్లు మోచేతుల దాకా కడుక్కునేవాళ్లకు కట్టు తడవకుండా ఎలా? గాయం మీద పట్టీ ఉన్నప్పుడు పట్టీ పైనుంచి తడి చేత్తో తుడిచే మసహ్ వెసులుబాటు ఉంది, నీళ్లు వాడలేనివాళ్లకు తయమ్ముమ్ ఉంది. మీకు ఏది వర్తిస్తుందో మీ ఇమామ్ సాబ్‌ని అడగండి, అది ఆయన చెప్పాల్సిన మాట. నా వైపునుంచి చెప్పేది, గుడ్డ కట్టు మీద తడి చెయ్యి కూడా రోజూ ఐదుసార్లంటే లోపలికి దిగుతుంది. కాబట్టి డాక్టర్‌ని అడిగి పైన నీళ్లు ఇంకని డ్రెస్సింగ్ వేయించుకోండి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. అప్పటిదాకా పసుపు, కాఫీ పొడి, ఏ లేపనమూ వద్దు. అన్నం చెంచాతో తినండి. కుట్లు తీసి గాయం పూర్తిగా మానాక చేత్తో అన్నం కలుపుకోవచ్చు, పప్పన్నం కలపడం వేళ్లకు మంచి కసరత్తు కూడా.

పహిల్వాన్ల దగ్గరికి పోవాలనిపిస్తుంది. మన దగ్గర ఎముకలు కట్టే పహిల్వాన్లకు తరతరాల పేరుంది, వాళ్ల మీద నాకు గౌరవం లేక కాదు. కానీ కొత్తగా కోసిన చేతిని నూనె పెట్టి మర్దించి, మణికట్టు మెలితిప్పి 'నస్ సరిచేయడం' మాత్రం వద్దే వద్దు. మసాజ్ కావాలంటే గాయం పూర్తిగా మూసుకున్నాక, అంటే రెండు మూడు వారాల తర్వాత, మచ్చ మీద మీ రెండో చేతి బొటనవేలితో కొబ్బరినూనె పెట్టి గుండ్రంగా, రోజుకి రెండుమూడు సార్లు, ఐదేసి నిమిషాలు చేసుకోండి. మచ్చ మెత్తబడుతుంది, ముట్టుకుంటే జివ్వుమనడం తగ్గుతుంది.

ఇప్పుడు చాలామందిని హడలగొట్టే నొప్పి గురించి. మూడు నాలుగు వారాలకు పాత తిమ్మిరి తగ్గింది, అంతా బాగుంది అనుకునేలోపు అరచేతి మడమ దగ్గర, అంటే బొటనవేలి వైపూ చిటికెనవేలి వైపూ ఉండే రెండు మెత్తల కింద, నొక్కితే కొత్త నొప్పి. దీన్ని పిల్లర్ పెయిన్ అంటారు. పిల్లర్ అంటే మన చార్మినార్‌కు ఉన్నట్టు స్తంభమే. పట్టీ ఈ రెండు స్తంభాల మధ్య కట్టి ఉండేది, అది తెగాక స్తంభాలు కొత్త సర్దుబాటుకి అలవాటు పడుతున్నాయి. ఇది దుర్బీన్ చేయించుకున్నవాళ్లకు కూడా వస్తుంది. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే పోతుంది. జబ్బు తిరగబెట్టిందని అనుకోకండి. తిరగబెడితే వేళ్లల్లో తిమ్మిరి వస్తుంది. ఇది అరచెయ్యి నొక్కితేనే వస్తుంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆ నొక్కుడు మనకు తెలియకుండానే రోజూ ఎన్నిసార్లు చేస్తామో చూడండి. కింద కూర్చుని లేచేటప్పుడు అరచెయ్యి నేల మీద ఆనించి లేస్తాం. నమాజులో సజ్దాకి పోయేటప్పుడు, లేచేటప్పుడు రెండు అరచేతుల మీద బరువు పడుతుంది. సూర్యనమస్కారాలు చేసేవాళ్లకూ అంతే. మొదటి ఆరు వారాలు ఆ చేతి మీద ఒంటి బరువు పడనివ్వకండి. కుర్చీ మీద నమాజు చదవొచ్చా, అరచెయ్యి ఆనించకుండా పిడికిలో మోచెయ్యో ఆనించుకుని లేవొచ్చా అనేది కూడా మళ్లీ మీ ఇమామ్ సాబ్‌నే అడగండి. డాక్టర్ చీటీ కావాలంటే మేం రాసిస్తాం. ఇంట్లో ఆడవాళ్లకు చెప్పేది, బట్టలు పిండటం, తుడిచే గుడ్డ పిండటం, పెద్ద గిన్నె ఒంటిచేత్తో దించడం, చపాతీ పిండి కలపడం, ఈ నాలుగూ ఆరు వారాలు వేరేవాళ్లకు అప్పజెప్పండి. "ఎవరున్నరు డాక్టరమ్మా చెయ్యనీకి" అంటారు. ఇంట్లోవాళ్లూ ఈ వీడియో వింటున్నారని నా ఆశ. ఆపరేషన్‌కి ముందే ఈ మాట ఇంట్లో తేల్చుకోవాలి, తర్వాత కాదు.

ఇక పనివారీగా. ఫోను, పెన్ను, గుండీలు పెట్టుకోవడం, చిన్న టీ కప్పు, ఇవి మొదటి వారంలోనే చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, కంప్యూటర్ పని ఒకటి రెండు వారాలకు. స్కూటరు, బండి నడపడం కుట్లు తీశాక, నొప్పి లేకుండా గట్టిగా బ్రేకు పట్టగలిగితేనే. ముందు బండి ఆపి ఉంచి పట్టి చూసుకోండి. ఆటో వాళ్లకు ఇది ఇంకా కష్టం, హ్యాండిల్ తిప్పుతూ రోజంతా అదురు. నాలుగు నుంచి ఆరు వారాలు అనుకోండి.

మగ్గం వర్క్, జర్దోజీ వాళ్లకు సూది పట్టడం మూడు నాలుగు వారాలకు మొదలుపెట్టొచ్చు, రోజుకి గంట, అదీ మధ్యలో ఆపుతూ. ఇక్కడ బలం సమస్య కాదు, వేలికొస స్పర్శ సమస్య. సూది ఎక్కడుందో వేలికి సరిగ్గా తెలియకపోతే చూపుతో పట్టుకుంటారు, మెడ వంగిపోతుంది. ముందు పెద్ద పూసలు, ముతక దారం మీద మొదలుపెట్టండి. కళ్లు మూసుకుని బియ్యంలో కలిపిన గుండీలను వేళ్లతో వెతికి తీయడం రోజూ పది నిమిషాలు చేస్తే స్పర్శ తొందరగా పదునెక్కుతుంది. లక్క గాజుల వాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది, అది బలం కంటే ముఖ్యం. తిమ్మిరి పూర్తిగా పోని వేలికి కాలిన సంగతి తెలియదు. నిప్పుల దగ్గర, వేడి లక్క మీద, బొబ్బ వచ్చాక గానీ చూసుకోరు. స్పర్శ వచ్చేదాకా వేడి పని ఇంకొకరు, రాళ్లు ఏరి అమర్చిపెట్టే పని మీరు చెయ్యండి. సుత్తి పనివాళ్లు, వరఖ్ కొట్టేవాళ్లు, పిండి పిసికేవాళ్లు ఆరు నుంచి పన్నెండు వారాలు. ప్రతి దెబ్బా సరిగ్గా మానుతున్న చోటికే అదురు పంపుతుంది కాబట్టి అంత సమయం. మొదలుపెట్టినప్పుడు చిన్న సుత్తి, పిడికి లావుగా గుడ్డ చుట్టుకోండి. సన్న పిడిని పట్టాలంటే ఎక్కువ బిగించాలి, లావు పిడికి తక్కువ బిగింపు చాలు.

సాయంత్రానికి వాపు, నొప్పి వచ్చి పొద్దున్నకి పోతే ఆ రోజు పని సరిపోయినట్టు. పొద్దున్నకి కూడా పోకపోతే, మర్నాడు సగానికి తగ్గించండి. నేను చెప్పిన వారాల కంటే ఈ కొలతే మీకు బాగా పనికొస్తుంది.

ఎప్పుడు చేయించుకోవాలనేది కూడా దీన్నిబట్టే. బ్లౌజుల మగ్గం వర్క్ చేసేవాళ్లు ఆషాఢంలో ఖాళీగా ఉంటారు, కానీ శ్రావణం రాగానే ఒకటే ఆర్డర్లు. ఆషాఢం మొదట్లో చేయించుకుంటే శ్రావణానికి నాలుగు వారాలు దొరుకుతాయి, ఆషాఢం చివర్లో చేయించుకుంటే కుట్లు తీసిన రోజే ఆర్డర్లు పట్టుకోవాల్సి వస్తుంది. మన దగ్గర ముహర్రంలో నికాహ్‌లు తక్కువ, అప్పుడు జర్దోజీ, గాజుల పనివాళ్లకు వీలవుతుంది. రంజాన్‌కి ముందు నెలలో మాత్రం వద్దు. అసలే గిరాకీ, దానికి తోడు ఉపవాసాల్లో మందుల వేళలు మార్చుకోవాలి. షుగరున్నవాళ్లు ఆ లెక్క డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. షుగరున్నవాళ్లకు ఈ ఆపరేషన్ పనిచెయ్యదనే మాట నిజం కాదు, బాగానే పనిచేస్తుంది. గాయం మానడం నెమ్మది, చీము పట్టే భయం ఎక్కువ, కాబట్టి షుగర్ అదుపులోకి తెచ్చుకుని వెళ్లండి. షుగరు వల్ల రెండు చేతులకూ కాళ్లకూ విడిగా తిమ్మిరి ఉంటే, అది ఈ ఆపరేషన్‌తో పోదు. ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సినవి కొన్ని. రోజురోజుకీ నొప్పి తగ్గకుండా పెరగడం, గాయం ఎర్రబడి వేడిగా ఉండటం, చీము, జ్వరం, కట్టు కింద వేళ్లు నీలంగా చల్లగా అవ్వడం, ఆపరేషన్‌కి ముందు లేని కొత్త తిమ్మిరి గట్టిగా రావడం, బొటనవేలు పైకి ఎత్తలేకపోవడం. చెయ్యంతా వాచి, చర్మం మెరుస్తూ, గాలి తగిలినా మంటపుడుతుంటే అది ఇంకో రకం జబ్బు. అరుదు, కానీ తొందరగా పట్టుకుంటేనే తగ్గుతుంది. "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా" అని ఇంట్లో కూర్చోకండి.

మూడు నెలలయినా రాత్రి నొప్పి కూడా ఏమాత్రం తగ్గలేదంటే మళ్లీ చూపించుకోవాలి. పట్టీ చివర కాస్త తెగకుండా మిగిలిపోయి ఉండొచ్చు, లేదా అసలు నరం నలుగుతున్నది మెడ దగ్గర కావచ్చు. ఆపరేషన్‌కి ముందు తీసిన నరాల టెస్టు కాగితం పారెయ్యకండి, రెండోసారి టెస్టు చేసినప్పుడు దాంతో పోల్చి చూస్తారు. ఆ కాగితం లేక డబ్బులు రెండుసార్లు పెట్టేవాళ్లు చాలామంది.

ఇంకొక్క ప్రశ్న, రెండో చెయ్యి. ఈ జబ్బు చాలామందికి రెండు చేతులకూ ఉంటుంది, ఒకదానికి ముందు, ఒకదానికి వెనక. రెండూ ఒకేసారి చేయించుకుంటే ఖర్చు, సెలవులు కలిసొస్తాయి అనుకుంటారు. కొందరు సర్జన్లు చేస్తారు, తప్పేం కాదు. కానీ ఇంట్లో తోడు లేనివాళ్లు బాత్రూమ్ పనికి ఏ చెయ్యి వాడతారో ఆలోచించుకోండి. ఎక్కువ బాధపెట్టే చెయ్యి ముందు చేయించుకుని, అది పట్టు పట్టగలిగాక, ఆరు ఎనిమిది వారాలకు, రెండోది చేయించుకోవడమే పనివాళ్లకు నేను చెప్పేది. ఆ మధ్యలో రెండో చేతికి రాత్రిపూట బెల్టు పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు ఇంటి పనంతా దాని మీదే పడుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో వేలు కొక్కెంలా పట్టేసి టక్కున విడిపోయే ట్రిగ్గర్ ఫింగర్ గురించి చెప్తాను, షుగరున్న టైలర్లు తప్పకుండా చూడండి. ఖుదా హాఫిజ్, నమస్కారం.